లావు అక్షరము, సన్న అక్షరము: క్లారెండన్ టైపు చూపిన పొందిక

ఇంగ్లీషు నిఘంటువును తెఱచి యొక పదమునకై వెదకువాడు ఆ పుటను చదువడు. రెండు మూడు కాలమ్‌లుగా చీలి, వందలకొలది పంక్తులతో క్రిక్కిఱిసి, అర్థములును వ్యుత్పత్తులును ఉచ్చారణ సంకేతములును ఉదాహరణ వాక్యములును సందులేక నిండియుండు ఆ పుటమీద అతని దృష్టి మఱెక్కడను నిలువక, ఎడమ అంచునందు నల్లగా కనబడు కొన్ని మాటలను మాత్రమే తాకుచు క్రిందికి జాఱి, కావలసిన పదమువద్ద టక్కున ఆగును. పుటలో మిక్కిలి భాగమును చదువకయే, చదువదగినది ఎచ్చటనున్నదో కన్ను ముందుగా ఎట్లు ఎఱిగినది?

ఆ మాటలు లావుగా అచ్చుపడినవి గనుక అనుట తొలి సమాధానము. అది నిజమే గాని చాలదు. లావుపాటి అక్షరము అంత సులువైన ఉపాయమే యైనచో, 15వ శతాబ్ది నడుమ గూటెన్‌బర్గు అచ్చుకూటము పనికి పూనుకొనిన తరువాత దాదాపు నాలుగు వందల సంవత్సరముల వఱకు ఐరోపా ముద్రాపకులు దానిని పుస్తకములలో ఏల వాడలేదు? 19వ శతాబ్దారంభమున లావు అక్షరములు పుట్టిన తరువాతను, అవి గోడప్రకటనలకు తప్ప పుస్తకపు పంక్తి నడుమకు రావడానికి మఱి ముప్పది నలువది యేండ్లు ఏల పట్టినది? ఈ ప్రశ్నలకు సమాధానము 1845లో లండను నగరమున పుట్టిన క్లారెండన్ అను టైపు చరిత్రలో దొరకును. అంతకంటె లావైన టైపులు దానికి ముందే యుండెను. ప్రక్కనున్న సన్న అక్షరముతో పొందికగా నిలిచిన లావు అక్షరము మాత్రము అదే మొదటిది.

కన్ను చదువు తీరు

చదువునపుడు దృష్టి పంక్తివెంట ఎడతెగక సాగునని మనము భావింతుము. నిజమునకు అది గంతులు వేయుచు పోవును. ఒకచోట సెకనులో ఇంచుమించు నాలుగవ వంతు కాలము నిలిచి, ఏడెనిమిది అక్షరములు దాటి దూకి, మఱల నిలుచును. దూకుచున్న క్షణమున దానికి స్పష్టముగా ఏమియు కనబడదు. 19వ శతాబ్ది చివరి పాదమున ఫ్రెంచి నేత్రవైద్యుడు ఎమీల్ జవాల్ మొదలైనవారు ఈ గంతులను గమనించినది మొదలు పఠనమును గూర్చిన శాస్త్రమునకు పునాది పడినది.

కన్ను నిలిచిన చోటనైనను అది చూడగలుగు స్పష్టమైన ప్రదేశము చాల ఇఱుకు. కంటి వెనుకనున్న రెటీనా పొరకు నడుమ ఫోవియా అను చిన్న గుంట కలదు. అక్షరపు వంపులను, కొనలను విడివిడిగా గుర్తించు శక్తి అక్కడనే హెచ్చు. దాని నుండి ప్రక్కలకు పోయినకొలది ఆ శక్తి వేగముగా తఱిగిపోవును. చేయి పూర్తిగా చాచి బొటనవ్రేలిని నిలువుగా పట్టి చూచినచో, ఆ వ్రేలు కప్పునంత మేరయే తీక్ష్ణదృష్టికి లోబడిన మేర. పుస్తకమును 40 సెంటీమీటర్ల దూరమున పట్టినపుడు అది ఒకటిన్నర సెంటీమీటరైనను కాదు.

తక్కిన పుట మాట యేమి? అది కనబడకపోదు, వేఱొక విధమున కనబడును. ఆకారములు మసకబాఱి పోయినను వెలుగు చీకటుల పాలు మాత్రము మిగులును. ఒకే టైపులో, ఒకే ఎడముతో కూర్చబడిన పుట ఈ ప్రాంతదృష్టికి ఒకే చాయగల బూడిదవన్నె పలకగా తోచును. తెల్లకాగితముమీద నల్లసిరా ఎంత వంతు పఱచుకొన్నదో దానినిబట్టి ఆ బూడిదవన్నె ముదురో లేతయో అగును. అందు ఒక మాటను లావు అక్షరములతో అచ్చువేసినచో, సాధారణముగా దాని నిలువుగీతలు ప్రక్కమాటల గీతలకంటె ఒకటిన్నర రెట్లైనను దళసరిగా నుండును గనుక, ఆ చోట సిరా వంతు పెరిగి, లేతవన్నె నడుమ ఒక ముదురు మచ్చ ఏర్పడును. ఆ మచ్చలోని అక్షరము లేవో ప్రాంతదృష్టికి తెలియదు; అక్కడ ఏదో యున్నదని మాత్రము తెలియును. తరువాతి గంతు ఎచ్చటికి వేయవలయునో నిర్ణయించుటకు అంతమాత్రము చాలును.

మనస్తత్త్వ శాస్త్రవేత్త ఆన్ ట్రీస్మన్ 1980లో ప్రకటించిన సిద్ధాంతము దీనికి మఱియొక మెట్టు వివరణ నిచ్చుచున్నది. రంగు, వాలు వంటి మొదటి లక్షణములలో ఒక్కదానియందు తక్కినవాని నుండి వేఱైన వస్తువును మనస్సు వరుసగా వెదకనక్కఱలేదు. చుట్టును పది వస్తువులున్నను ఏబదియున్నను అది ఇంచుమించు ఒకే వ్యవధిలో తనంత తాను పైకి తేలును. అయితే ఈ తేలుట చుట్టునున్నవానితో గల భేదమువలన కలుగునదేగాని వస్తువుయొక్క సొంతగుణమువలన కలుగునది కాదు. పుటలో సగము మాటలను లావు చేసినచో మఱల ఒకే చాయగల పలకయే మిగులును. కాకపోయిన అది మునుపటికంటె కొంత నల్లనిది. మన పరీక్షల గైడు పుస్తకములను కూర్చువారు ఈ సంగతి తలచినట్లు కానరాదు: ప్రతి పేరాలోను ముఖ్యమైన మాటలను లావుచేసి, ఆ మాటల నడుమ పేరాలను కూడ లావుచేసి, తుదకు విద్యార్థి తానే ఎఱ్ఱకలముతో గీతలు గీసికొనవలసిన స్థితి తెత్తురు. 20వ శతాబ్ది పూర్వార్ధమున అమెరికాలో మైల్స్ టింకర్ మొదలైన పరిశోధకులు పూర్తిగా లావు అక్షరములతో కూర్చిన పాఠమును, సామాన్యాక్షరముల పాఠమును పాఠకులచేత చదివించి పోల్చి చూచిరి. చదువు వేగమున చెప్పదగిన భేదము కానరాలేదు. కాని పాఠకులలో హెచ్చుమంది లావు పాఠము వలదనిరి.

లావు అక్షరము లేని నాలుగు శతాబ్దములు

అంతకుముందు ముద్రాపకులకు ఒక మాటను ఎత్తిచూపు సాధనములు లేకపోలేదు. వ్రాతప్రతుల కాలమునుండి వచ్చిన ఎఱ్ఱసిరా యుండెను; కాని దానికై ప్రతి కాగితమును రెండవసారి యంత్రముపై కెక్కింపవలసి వచ్చెడిది. వెనీసు నగరమున ఆల్డస్ మనూషియస్ 1501 ప్రాంతమున పూర్తి గ్రంథములకై వాడిన వాలు టైపు, అనగా ఇటాలిక్, క్రమముగా రోమన్ టైపు నడుమ ఒక మాటను వేఱుచేసి చూపుటకు సహాయకారి యయ్యెను. పెద్దబడి అక్షరములుండెను, ఆ పెద్దబడినే చిన్నబడి ఎత్తునకు కుదించిన పొట్టి అక్షరములుండెను. ఇంగ్లండులో పాతకాలపు నల్లలిపి, అనగా బ్లాక్‌లెటర్, కొన్ని గ్రంథములలో ఈ పనికి ఉపయోగపడెను.

వీనితోనే కాలము గడచుటకు కారణము ముద్రాపకుల మాంద్యము కాదు. నాటి గ్రంథము మొదటినుండి తుదవఱకు చదువబడుటకై పుట్టినది. చదువక వెదకుటకై పుట్టిన గ్రంథము లనగా రైలు వేళల పట్టికలు, సరకుల జాబితాలు, విలాసముల పుస్తకములు, పెద్ద నిఘంటువులు కుప్పతెప్పలుగా వచ్చినది పారిశ్రామిక విప్లవము తరువాత. లివర్‌పూల్, మాంచెస్టరు నగరముల నడుమ 1830లో రైలుమార్గము తెఱవబడినది. 1839 నాటికే బ్రాడ్‌షా రైలు వేళల పుస్తకము వెలువడినది. వేళల పట్టికను ఆమూలాగ్రముగా చదువు పుణ్యాత్ము డెవడుండును?

లావు అక్షరము మాత్రము వేఱొక అవసరమున ముందే పుట్టియుండెను. 19వ శతాబ్ది తొలి సంవత్సరములలో లండను వీథులలో లాటరీలు, నాటకములు, మందులు, నౌకాయానములు ఒకదానితో నొకటి పోటీపడి గోడల కెక్కినవి. దూరమునుండి కనబడు అక్షరము కావలసివచ్చెను. రాబర్ట్ థార్న్ వంటి పోతగాండ్రు నాటి రోమన్ అక్షరమునే తీసికొని, దాని నిలువుగీతలను మాత్రము మితిమీఱి బలిపించి, అడ్డగీతలను వెండ్రుకవలె సన్నముగానే విడిచిపెట్టి, ఫ్యాట్ ఫేస్ అను టైపును సృజించిరి. 1810 దశకమున విన్సెంట్ ఫిగ్గిన్స్ అక్షరపు కొసలను కూడ నిలువుగీతలంత దళసరి పలకలుగా మార్చిన వేఱొక టైపును వెలయించెను. ఈ కోవకు చెందినవానికి ఈజిప్షియన్ అను పేరు రూఢమైనది. ఫ్యాట్ ఫేస్ టైపులు చూచుటకు వినోదముగా నుండునే గాని, నా కంటికి ఎప్పుడును అవి ఆయాసపడుచున్నట్లే తోచును.

ఇవి పుస్తకపు పంక్తి నడుమ ఇమడకపోవుట సహజము. గోష్ఠిలో పాడుచున్నవారిలో ఒకడు అదే శ్రుతిలో గొంతు హెచ్చించినచో పాట తెగదు, వినువాని చెవి మాత్రము అతనివైపు తిరుగును. బయటినుండి యొకడు డప్పు కొట్టుచు వచ్చినచో చెవి తిరుగును గాని పాట ఆగిపోవును. ఫ్యాట్ ఫేస్ చేసినది ఆ రెండవ పని. దాని వెడల్పు వేఱు, దాని కొలతలు వేఱు, తరచుగా ప్రక్క టైపుతో దానికి అడుగుగీత సైతము కలియదు. కంపోజిటరు ఒకే పంక్తిలో రెంటిని కూర్చవలెనన్నచో ఎగువను దిగువను సీసపు ముక్కలు పెట్టి సరిదిద్దుకొనవలసి వచ్చెడిది.

ఫాన్ స్ట్రీటు పోతశాలలో

థార్న్ 1820లో మరణింపగా ఫాన్ స్ట్రీటునందలి అతని పోతశాలను విలియం థారోగుడ్ అనునాతడు కొనెను. లాటరీలో గెలిచిన సొమ్ముతో కొనెనని ప్రతీతి. ప్రకటనాక్షరములకు అంతగా పనికల్పించిన లాటరీ, ఆ అక్షరములను పోయు శాలకు యజమానిని కూడ సమకూర్చుట విచిత్రమే. తరువాత ఆ సంస్థలో భాగస్వామియైన రాబర్ట్ బెస్లీ 1845లో క్లారెండన్ టైపును ప్రకటించెను. ఉక్కు కొనలమీద అక్షరములను చెక్కినవాడు బెంజమిన్ ఫాక్స్. ఆక్స్‌ఫర్డులోని క్లారెండన్ ముద్రణాలయమునుబట్టి దానికి ఆ పేరు వచ్చినదని చెప్పుదురు.

ఇందు కనబడు అక్షరలక్షణములను ఒక్కొక్కటిగా చూతము. రోమన్ అక్షరములలో నిలువుగీత కొసను, పాదమునను అడ్డముగా నుండు చిన్న గీతలను సెరిఫ్‌లందురు. ఫ్యాట్ ఫేస్‌లో ఇవి వెండ్రుకలు; ఈజిప్షియన్‌లో పలకలు; క్లారెండన్‌లో దళసరివే గాని నిలువుగీతతో కలియుచోట మూల తేలక ఒంపుగా ఒదిగియుండును. నిలువుగీత లావు, అడ్డగీత సన్నదనము నడుమ తేడా ఉన్నది గాని మితముగా నున్నది. చిన్నబడి అక్షరముల పొట్టభాగము ఎత్తుగా నుండును. అందువలన చిన్న కొలతలో అచ్చువేసినను లోపలి ఖాళీలు మిగులును. ఏ, సీ, ఎఫ్, ఆర్ అక్షరముల చిన్నబడి రూపములలో వంపుకొస ఒక గుండ్రని బొట్టుగా ముగియును. అన్నింటికంటె ముఖ్యముగా, అక్షరములు ఇఱుకుగా చెక్కబడినవి; లావు హెచ్చినను స్థలము మిక్కిలిగా ఆక్రమింపక, సామాన్యమైన రోమన్ టైపుతో ఒకే పంక్తిలో, ఒకే అడుగుగీతమీద కూర్చుండునట్లు తీర్చబడినవి.

ఈ కడపటి గుణము మాటలలో చిన్నదిగా కనబడునేమో. అంతకుముందు లావు అక్షరము ఒక ప్రత్యేకజాతి. ఇప్పుడు అది సన్న అక్షరమునకు తోడు. నేడు కంప్యూటరుపై ఒక మీట నొక్కి మాటను బోల్డు చేయునపుడు మనము అనుభవించునది ఆ తోడుదనమునే.

బెస్లీ దీనిని 1842 నాటి అలంకార రూపముల చట్టము క్రింద నమోదు చేయించెను. ఆ రక్షణ మూడేండ్లకే తీఱినది. వెంటనే తక్కిన పోతశాలలన్నియు క్లారెండన్‌లను పోసి అమ్ముకొనినవి. బెస్లీకి నష్టము కలిగినమాట వాస్తవమే గాని, ఒక్క పోతశాల సొత్తుగా మిగిలియుండినచో అది ఇంగ్లండు ముద్రణాలయములలో లావు అక్షరమునకే సామాన్యనామముగా మాఱియుండదు. బెస్లీ తరువాతి కాలమున, 1869లో, లండను నగరమునకు లార్డ్ మేయరుగా ఎన్నికయ్యెను గనుక అతనికై మనము మిక్కిలిగా చింతింపనక్కఱలేదు.

[పెట్టెలో] ఉక్కుకొననుండి సీసపు అక్షరము వఱకు

చేతితో టైపు చేయు కాలమున ప్రతి అక్షరమును ముందుగా ఒక ఉక్కు కడ్డీ కొనపై ఎదురుతిరిగిన రూపమున, నిజపు కొలతలోనే, ఆకురాయితోను ఉలితోను చెక్కెడివారు. అక్షరములోని ఖాళీలను తొలుచుటకు వేఱొక ఉక్కు మొనను దానిలోనికి కొట్టెడివారు. చెక్కుట ముగిసిన కడ్డీకి పదనుపెట్టి, దానిని రాగిబిళ్ళమీద మోదగా అచ్చుగుంట ఏర్పడును. ఆ బిళ్ళను పోత మూసలో అమర్చి, కరగిన సీసము, ఆంటిమొని, తగరముల మిశ్రమమును పోసినచో నిమిషమైనను కాకమునుపే అక్షరము గట్టిపడి వెలికి వచ్చును. సీసము మెత్తన, ఆంటిమొని దానికి గట్టిదనము నిచ్చును, తగరము మిశ్రమము మూస మూలలకు చక్కగా ప్రవహించునట్లు చేయును.

ఒక పాయింటు అనగా మిల్లీమీటరులో మూడవ వంతు కంటె కొంచెము హెచ్చు. 8 పాయింట్ల టైపు దిమ్మ ఎత్తు మూడు మిల్లీమీటర్లైనను లేదు. ఆ చిన్నతావులో లావు, ఖాళీ, ఒంపు అన్నియు ఇమడవలయును.

సిరా చేయు చెఱుపు

చిత్రకారుడు గీసిన అక్షరమును, కాగితముమీద పడిన అక్షరమును భూతద్దముతో చూచినచో రెండును ఒకటి కావని తెలియును. సీసపు అక్షరము సిరా పూసికొని కాగితమును నొక్కునపుడు, ఆ ఒత్తిడికి సిరా అంచులు దాటి ప్రక్కలకు ప్రాకును. కాగితము గరుకుదైనచో దాని నారలు ఆ సిరాను మఱికొంత దూరము లాగికొనును. ఒకవైపున నూటికి అయిదు వంతుల మిల్లీమీటరు మాత్రమే ప్రాకినదనుకొందము. చిన్నబడి ‘ఈ’ (e) అక్షరములోని కన్నము సుమారు అర మిల్లీమీటరు ఎత్తుగలదైనచో, పైనుండియు క్రిందినుండియు సిరా దానిని క్రమ్మి, అయిదవ వంతును మింగివేయును. సన్న అక్షరము దీనిని తట్టుకొనును. దాని సన్నగీతలు కొంత బలియుటవలన దానికి కొంత మేలు కూడ కలుగును. లావు అక్షరములో కన్నములు ముందే చిన్నవి. అందు అయిదవ వంతు పోయినచో ‘ఈ’ (e) అక్షరము ‘సీ’ (c) వలెను, ‘ఏ’ (a) అక్షరము నల్లబొట్టువలెను కనబడ నారంభించును.

కనుక లావు అక్షరమును చేయువాడు సన్న అక్షరపు గీతలను అన్ని దిక్కుల ఒకే కొలతగా ఉబ్బించినచో పని చెడును. లావంతయు నిలువుగీతలలో పెట్టి అడ్డగీతలను అదుపులో నుంచవలయును. అక్షరమును కొంత వెడల్పు చేయవలయును. వంపుగీత నిలువుగీతలో కలియుచోట దానిని సన్నగిలజేయవలయును. కంటి భ్రమయు ఇక్కడ సహకరించును. సమానమైన దళసరిగల నిలువుగీత, అడ్డగీతలలో అడ్డగీతయే లావుగా తోచును గనుక దానిని కొంత తగ్గించినను లోపము తెలియదు. అక్షరశిల్పి ఈ భ్రమను ఎంత వాడుకొన్నచో కన్నమునకు అంత చోటు మిగులును.

సెరిఫ్ ఒంపుల ప్రయోజనము కూడ ఇట్టిదే. వెండ్రుకవంటి సన్న సెరిఫ్ సీసములో చాల పెళుసు. నొక్కిన యంత్రమే దానిని విఱుచును, విఱుగనిచో అరుగదీయును. సరియైన మూలతో కలిసిన పలక సెరిఫ్ బలమైనదే గాని ఆ మూలలో సిరా గూడుకట్టును. ఒంపు ఉన్నచోట అక్షరపు కొసకు ఆధారము దొరకును. ఒకవేళ సిరా కొంత నిలిచినను ఆ నిలిచినది ఒంపులోనే కలిసిపోవును గాని మచ్చగా కనబడదు. అందముకొఱకు చేసినట్లు కనబడు ఈ వంపు చవుక కాగితముమీద, వేగపు యంత్రముమీద అక్షరమును కాపాడునది.

ఈ చెఱుపును ముందే లెక్కలోనికి తీసికొనినవారిలో మాథ్యూ కార్టర్ ముఖ్యుడు. అమెరికా టెలిఫోను డైరెక్టరీలకై 1978లో అతడు బెల్ సెంటెన్నియల్ టైపును రూపొందించెను. అది సెరిఫ్‌లు లేని టైపు. అయినను మన విషయమునకు చక్కని నిదర్శనము. గీతలు కలియు మూలలయందు అతడు అక్షరమును లోనికి కోసి గంట్లు పెట్టెను. పెద్దగా చేసి చూచినచో ఎలుకలు కొఱికినట్లుండు ఆ అక్షరములు, డైరెక్టరీ పుటపై సిరా ప్రాకి ఆ గంట్లను నింపిన తరువాత చక్కని మూలలతో నిలిచినవి. చందాదారు పేరునకు, విలాసమునకు వేఱువేఱు లావులు గల రూపములను కూడ అతడు ఏర్పఱచెను.

ఎచ్చటెచ్చట నిలిచినది

క్లారెండన్‌కు పెట్టిపుట్టిన స్థానము నిఘంటువు. జేమ్స్ మఱ్ఱే సంపాదకత్వమున 1884లో తొలిభాగము వెలువడి, తరువాత ఆక్స్‌ఫర్డు నిఘంటువుగా ప్రఖ్యాతమైన ఆ మహాగ్రంథములో ప్రధానపదములు క్లారెండన్ టైపుననే అచ్చుపడినవి. ఆ గ్రంథము 1928లో పూర్తియగు నాటికి లావు అక్షరముతో పదము, సన్న అక్షరముతో అర్థము, వాలు అక్షరముతో వ్యాకరణ సంకేతము అను కట్టుబాటు నిఘంటువు లక్షణమే యనునంతగా స్థిరపడినది.

అమెరికాలో అది వేఱొక జీవితమును గడపెను. అక్కడ పెద్ద ప్రకటనలకు కొయ్య అక్షరములు వాడుకలో నుండెను. డేరియస్ వెల్స్ 1827లో యంత్రముతో కొయ్యటైపును కోయు విధము కనిపెట్టిన తరువాత అవి చవుకయయ్యెను. క్లారెండన్ రూపమును తీసికొని అడ్డపు సెరిఫ్‌లను మాత్రము బండలవలె బలిపించి, అక్షరమును సన్నగా సాగదీసి, ఫ్రెంచి క్లారెండన్ అను పేర అమ్మిరి. సర్కసు ప్రకటనలలోను, కౌబాయి సినిమాలలో పరారియైన దొంగకు వెల కట్టిన కాగితములలోను మనము చూచునది ఆ వికృతియే. మాతృక నుండి అంతదూరము పోయిన సంతానమును చూచి మాతృకను అంచనా కట్టరాదు.

అంతకంటె ఘనమైనది, ఎవరికిని కనబడనిది, వార్తాపత్రికలలో జరిగినది. లావు తగ్గించినను క్లారెండన్ ఎముకలకట్టు, అనగా ఎత్తైన పొట్టభాగము, మితమైన గీతల భేదము, ఒంపుగల గట్టి సెరిఫ్, నాసిరకపు కాగితమునకు సరిగా సరిపోవునని లైనోటైపు సంస్థవారు గ్రహించి, 1925లో అయోనిక్ అను టైపును ప్రకటించిరి; 1931లో ఎక్సెల్సియర్, 1941లో కరోనా దాని వెంట వచ్చినవి. తరములకొలది అమెరికనులు ప్రతి ఉదయమున చదివినది, ఆ పేరు ఎఱుగకుండనే, బరువు దిగిన క్లారెండన్‌ను.

లైనోటైపు యంత్రమువలన లావు అక్షరమునకు ఒక క్రొత్త చిక్కు కూడ వచ్చినది. ఆ యంత్రములో ప్రతి ఇత్తడి బిళ్ళమీద రెండు అచ్చుగుంటలుండెడివి: ఒకటి సన్న అక్షరము, రెండవది అదే అక్షరపు లావు లేక వాలు రూపము. బిళ్ళ ఒకటే గనుక రెండు రూపముల వెడల్పు కూడ ఒకటే కావలసివచ్చెను. లావు అక్షరము సన్నదాని చొక్కా తొడుగుకొనవలసి వచ్చినందున పెక్కు టైపులలో అది ఊపిరాడక కనబడును. పాత పత్రికలలో లావు మాటలు కొంత బిగుసుకొని కనబడుటకు కారణము శిల్పుల అశ్రద్ధ కాదు, ఇత్తడి బిళ్ళ.

1950 దశకమున క్లారెండన్ మఱల వెలుగులోనికి వచ్చినది. స్విట్జర్లండులోని హాస్ పోతశాలకై హెర్మన్ ఐడెన్‌బెంజ్ 1953లో దానిని క్రొత్తగా తీర్చెను. అమెరికాలో ఫ్రీమన్ క్రా తనదైన రూపమును చేసెను. అమెరికా జాతీయోద్యానముల దారిపలకలమీద దీర్ఘకాలము నిలిచినది ఈ కుటుంబపు అక్షరమే. అడవిదారిలో బండి నడుపువానికి కావలసినది నిఘంటువు పాఠకునికి కావలసినదే: రెప్పపాటులో పట్టుబడు ముదురుమచ్చ, దగ్గఱకు వచ్చిన పిదప మూసికొనిపోని కన్నములు.

తెలుగు లిపికి వచ్చునపుడు

తెలుగునకు పెద్దబడి, చిన్నబడి అను భేదము లేదు. వాలు అక్షరములు మన వ్రాతలో పుట్టినవి కావు. నిలువు అక్షరమును యంత్రముచేత ఒరగబెట్టినవి. అనగా ఇంగ్లీషు ముద్రాపకునికి మూడు నాలుగు సాధనములుండగా తెలుగు ముద్రాపకునికి మాటను ఎత్తిచూపుటకు మిగిలినది మిక్కిలిగా లావు ఒక్కటే. శీర్షికకు అదే, ఉపశీర్షికకు అదే, నిఘంటువులోని పదమునకు అదే, పాఠ్యపుస్తకములో నిర్వచనమునకు అదే. ఇంతటి బరువు మోయవలసిన సాధనము మన లిపిలో అన్నింటికంటె కష్టసాధ్యమైనది కావుట గమనింపదగినది.

రోమన్ అక్షరమునకు లావు, సన్నము అను భేదము పుట్టుకతోనే కలదు. వెడల్పు పాళీగల కలము తిరిగిన దిక్కునుబట్టి గీత దళసరియో పలుచనో అయ్యెడిది. లావు చేయువాడు ఉన్న భేదమునే పెంచును. మన పూర్వులు తాటాకుమీద గంటముతో గీచిరి. గంటపు మొన ఎటు తిరిగినను గీత ఒకే దళసరిగా పడును. ఆ గుండ్రని గీతలో లావు ఎక్కడ పెట్టవలయును, సన్నము ఎక్కడ విడువవలయును అను ప్రశ్నకు సంప్రదాయము జవాబీయదు. అచ్చుటైపుల శిల్పులు తామే జవాబులు కల్పించుకొనవలసి వచ్చినది.

రెండవ చిక్కు కన్నములు. ద, ధ అక్షరములను, డ, ఢ అక్షరములను, చ, ఛ అక్షరములను వేఱుచేయునది క్రింది భాగమునందలి చిన్న నిలువుగీత. ప, ష అక్షరములను వేఱుచేయునది లోపలి చిన్న వంపు. అక్షరము లావెక్కినకొలది ఆ గీత చుట్టునున్న వంపులో మునిగిపోవును; ఆ లోపలివంపు తన ఖాళీని కోల్పోవును. ఇంగ్లీషులో కన్నము మూసికొన్నచో అక్షరము వికారమగును. తెలుగులో ఒక్కొక్కసారి వేఱొక అక్షరమగును.

మూడవది వత్తులు. రాష్ట్రము, స్త్రీ, జ్యోత్స్న వంటి మాటలలో ఒకే హల్లు క్రింద రెండు వత్తులు వచ్చి చేరును. పంక్తికి పంక్తికి నడుమ దూరము ముందే నిర్ణీతమైనది గనుక వత్తు లావెక్కుటకు క్రిందికి దిగజాలదు. పైకి పోయినచో తల్లి అక్షరమును తాకును. అందుచేత జాగ్రత్తపరుడైన శిల్పి వత్తులను ప్రధానాక్షరమంత లావు చేయడు. తలకట్టును కూడ కొంత పలుచగా ఉంచి, దానికిని అక్షరమునకును నడుమనున్న సందును కాపాడును. శీర్షికలకై చేయబడి నేడు ఉచితముగా లభించుచున్న రామభద్ర వంటి ఫాంటులను పెద్దగా చేసి పరిశీలించినవారికి లావును ఎంతవఱకు సాగింపవచ్చునో తెలియగలదు. అవి పెద్దకొలతలో హుందాగా నిలుచును, పుస్తకపు పాఠమునకు దింపినచో నల్లబడును. అది ఫాంటు దోషము కాదు, వాడినవాని దోషము.

మఱి నేటి పత్రికలలో, పెండ్లిపత్రికలలో, ఫ్లెక్సీలలో మనము చూచు మసిబాఱిన తెలుగు ఎక్కడిది? ఫాంటుతో పాటు దాని లావు రూపమును ఎవరును చేయని సందర్భములో కంప్యూటరు మాట వినుటకు నిరాకరింపదు. సన్న అక్షరపు అంచులను అన్ని దిక్కుల ఒకే కొలతగా ఉబ్బించియో, అదే అక్షరమును కొంచెము ప్రక్కకు జరిపి రెండవసారి గీచియో లావును నటించును. ఫాక్స్ తన ఉక్కుకొనలమీద ఏది చేయరాదని ఎఱిగియుండెనో యంత్రము సరిగా అదే చేయును. ఫాంటు జాబితాలో లావు రూపము వేఱుగా నమోదై యున్నదో లేదో ముందుగా చూచుకొని, లేనిచో కొలతను రెండు పాయింట్లు పెంచి సన్న అక్షరమునే శీర్షికకు వాడుట మేలు. ఉన్నచోట, ఆ రూపము సన్నదానికంటె వెడల్పుగా నుండును గనుక ఒక కాలమ్ శీర్షికలో ఒకటి రెండు అక్షరములకు చోటు తగ్గును. దానిని నెఱపుకొనుటకై అక్షరములను ప్రక్కలనుండి నొక్కినచో లోపలి ఖాళీలే మొదట పోవును. నొక్కుటకు మాఱుగా మాటను తగ్గించు ఉపసంపాదకుని శీర్షిక చదువబడును.